ఎడమ నుంచి కుడికి

హైదరాబాదు నుంచి వచ్చిన హెచ్చార్ అబ్బాయి గోడ మీద ప్రొజెక్టరుతో రంగురంగుల బొమ్మలు వేసి చూపించి "పునర్వ్యవస్థీకరణ" అన్నప్పుడు నాకు ముందు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆ మాట సింగిల్ కాలం హెడ్డింగులో పట్టి చావదు. ఇన్నేళ్ళు పేపరాఫీసు డెస్కులో కూర్చున్నదాన్ని, ఏ మాట విన్నా అది ఎన్ని కాలాల్లో పడుతుందా అనే చూస్తాను. కోపం తర్వాత వచ్చింది, ఆ అబ్బాయి దానికి అర్థం చెప్పినప్పుడు.

నా పేరు కృష్ణమ్మ. మాది పెద్దతిప్పసముద్రం. పెళ్ళయి మదనపల్లెకు వచ్చి, ఇక్కడే ఒక దినపత్రిక ఆఫీసులో సబ్ఎడిటర్‌గా చేరి, ఇక్కడే జుట్టు పండించుకున్నాను. పత్రిక పేరు చెప్పను. ఎంత తిట్టుకున్నా అది నాకు అన్నం పెట్టింది, పేరు పెట్టి తిట్టడానికి నోరు రాదు. జిల్లా ఎడిషన్లో మదనపల్లె పేజీ అని ఒకటి ఉండేది, అది నాది. మదనపల్లె వార్తలు, పుంగనూరు వార్తలు, కుప్పం వార్తలు అందులోనే పడేవి. ప్రభుత్వం జిల్లాలను చీల్చి ఈ ఊళ్ళను విడదీసినా నా పేజీలో ఆ మూడు ఊళ్ళు పక్కపక్కనే కాపురం చేసేవి.

హెచ్చార్ అబ్బాయి చెప్పిన అర్థం ఇది. మదనపల్లె పేజీ ఉండదు. బెంగళూరు బస్టాండు దగ్గరున్న మా మేడమీది ఆఫీసు ఉండదు. అన్ని పేజీలూ తిరుపతిలో ఒకేచోట తయారవుతాయి. నేను కావాలంటే తిరుపతికి పోవచ్చు. పుంగనూరు విలేకరి గంగులప్ప, కుప్పం విలేకరి రెడ్డెప్ప వార్తలు ఫోన్లోనే తిరుపతికి పంపుకోవచ్చు, అక్కడివాళ్ళకు నచ్చితే వేస్తారు. ఇక ఫొటోగ్రాఫర్ అనే ఉద్యోగమే ఉండదు.

"అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా మేడం" అన్నాడా అబ్బాయి, చాలా మర్యాదగా.

నేను చాంద్ బాషా వైపు చూశాను. ఆయన మా ఫొటోగ్రాఫర్. నేను చేరేనాటికే ఆయన ఆ ఆఫీసులో ఉన్నాడు. కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకొని గోడ మీది బొమ్మల్ని శ్రద్ధగా చూస్తున్నాడు.

"లైటు ఎక్కువ పడతాండాది అప్పా. ఆ కిటికీ మూస్తే నీ బొమ్మ బాగా కనపడతాది" అని ఆ అబ్బాయికి సలహా కూడా ఇచ్చాడు.

తన ఉద్యోగం పోయిందని చెప్పే బొమ్మ నలుగురికీ సరిగ్గా కనిపించాలని ఎంత తాపత్రయమో చూడండి! బాషాన్న అట్లాంటి మనిషి. నేను తిరుపతికి రానని ఆ కుర్చీలోంచి లేవకముందే చెప్పేశాను.

ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు గానీ, ఒకప్పుడు కుప్పం వార్తలు మాకు బస్సులో వచ్చేవి. రెడ్డెప్ప వార్తలు రాసిన కాగితాలు కవర్లో పెట్టి, ఫొటో రీలు ఉంటే దాన్నీ అందులోనే వేసి, మదనపల్లె బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాడు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు గంగులప్ప తన కవరు ఇచ్చేవాడు. డ్రైవర్ రెండింటినీ అద్దం ముందర పెట్టుకొని తెచ్చేవాడు. అందుకు వాళ్ళు మమ్మల్ని ఏమీ అడిగేవాళ్ళు కాదు. వాళ్ళ ఊరి జాతర వార్త ఏడాదికొకసారి వేస్తే చాలు, సంబరపడిపోయేవాళ్ళు. సాయంకాలమయ్యేసరికి బాషాన్న బస్టాండులో నిలబడి ఉండేవాడు. కవర్లు రాగానే ఫొటోలు కడగడానికి మెట్ల కింది చీకటిగదిలోకి దూరేవాడు. ఆ మందునీళ్ళ వాసన ఆఫీసంతా కమ్ముకునేది. ఇప్పుడెక్కడైనా అట్లాంటి వాసన తగిలితే చాలు, నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ వాసన వచ్చేవేళకే కింద కొట్లో బజ్జీలు వేసేవాళ్ళు. కాసేపటికి బాషాన్న తడి ఫొటోలు రెండు వేళ్ళతో పట్టుకొని బయటికొచ్చి, "కత్తెరమ్మా, ఇదిగో" అనేవాడు.

కత్తెరమ్మంటే నేనే. ఫొటో ఎంత వెడల్పున్నా పేజీలో చోటు కొంతే ఉంటుంది. అంచుల్లో నిలబడినవాళ్ళను కొట్టేసి మధ్యలో ఉన్న ముఖ్య అతిథినీ, ఆయనకు అటూ ఇటూ ఉన్నవాళ్ళనూ మిగల్చడం నా పని. దానికోసం బాషాన్న నాతో పోట్లాడని రోజు లేదు.

"కుడిపక్క కొసన ఉండేటోణ్ణి యాల కొట్టేస్తావమ్మా?"

"వాడెవడో యాడోడో అన్నా. మీటింగుకు వానికి ఏం సంబంధం?"

"సంబంధం ల్యాకుంటే ఆడ యాల నిలబడతాడు? వాని బొమ్మ పడితే వాళ్ళమ్మ పేపర్ కొంటాది. నీ ముఖ్య అతిథి కొంటాడా? ఆయనకు ఊరికే ఇస్తారు."

జవాబు లేనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువొస్తుంది, కాబట్టి ఆ కుడిపక్కవాణ్ణి ఇంకాస్త లోపలికి కొట్టేసేదాన్ని. ఆయన ఊరుకున్నాడా? మరుసటి రోజునుంచి జనాన్ని ఒకరిమీద ఒకర్ని పడేటట్టు నిలబెట్టేవాడు. "దగ్గరికి రాండప్పా! మీ మధ్యలో బస్సు పోయేంత సందుండాది. ఆఫీసులో ఒక కత్తెరమ్మ ఉండాది, ఆమెకు సందు సూపిస్తే మీ పని అయిపోయినట్టే" అని ఊరూరా నా పరువు తీసేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. అందుకే ఆయన తీసిన ఫొటోల్లో మొహాలన్నీ నవ్వుతూ ఉంటాయి. ఆఫీసుకొచ్చాక ఎడమ నుంచి కుడికి పేర్లు తడుముకోకుండా అప్పజెప్పేవాడు, నేను ఫొటో కింద రాసుకునేదాన్ని.

మా ఇద్దరికీ పేచీ లేని కత్తిరింపు ఒకటే ఒకటి. అది ఆయన నీడ. ఎండ ఎప్పుడూ ఫొటో తీసేవాడి వీపు మీద ఉండాలి, ఎదుటివాళ్ళ మొహాల మీద పడాలి అనేది బాషాన్న నేర్చుకున్న పాఠం. పొద్దు వాలేవేళ తీశాడంటే ఆయన నీడ పొడుగ్గా పోయి ఎదుట నిలబడినవాళ్ళ కాళ్ళ దగ్గర పడుకునేది. కెమెరా పట్టుకొని రెండు మోచేతులూ పైకెత్తుతాడు కదా, ఆ నీడ రెండు చెవుల కుండలాగా ఉండేది. "కింద నా నీడ పడింది, కొట్టేయమ్మా" అని ఆయనే సిగ్గుపడుతూ చెప్పేవాడు. కొన్నాళ్ళకు చెప్పే పనే లేకపోయింది. ఆయన ఫొటో చేతికి రాగానే నా చెయ్యి ముందు కింది భాగం కత్తిరించేది, ఆ తర్వాతే నేను ఫొటో చూసేదాన్ని.

ఆఫీసు మూసేస్తారని తెలిసిన వారంలోనే నేను బాషాన్న ఇంటికి పోయాను. మా ఆఫీసు వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. ఆయన భార్య అజీజాబీ మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. నేను అజీజక్కా అంటాను. ఉర్దూ బాగా చదువుతుంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. మా పేపర్ ఇన్నేళ్ళుగా వాళ్ళింటికి ఊరికే వస్తున్నా ఆమె బొమ్మలు చూసి పక్కన పెట్టేది. ఆ రోజు నన్ను చూసి మిషన్ ఆపింది.

"కిష్ణమ్మా, పని పోయిందని నేను ఏడ్సను. నాకు ఒకటే కొరత ఉండాది, అది నువ్వే తీర్సాల."

"సెప్పక్కా."

"మా అక్కాచెల్లెండ్లు పుంగనూరులో ఉండారు గదా. మీ ఇంటాయన పేపర్లో పని జేస్తాడంటావు, ఒక్క దినమన్నా ఆయన మొగం పేపర్లో పడలేదే అని ఎప్పుడూ ఎగతాళే. మా పెద్దోని పెండ్లి ఆల్బం సూడు. వంటమనిషి గూడా ఉండాడు, పెండ్లికొడుకు నాయన లేడు! ఆయనే గదా తీసింది. ఆఖరి దినమన్నా ఆయన మొగం పేపర్లో ఎయ్యమ్మా."

"దానికేమక్కా, ఆయన ఫొటో ఒకటి పెద్దగా వేస్తాను."

అజీజక్క అదిరిపడి చెవులు మూసుకుంది. "అయ్యో, ఒక్కణ్ణే వద్దు! ఒక్కణ్ణే ఏస్తే జనం సచ్చిపోయినాడనుకుంటారు. పూలు పట్టుకోని ఇంటిమీదికి వస్తారు. అందర్తో జత నిలబెట్టి ఎయ్యి."

ఆమె అన్నదీ నిజమే. మా పేజీలో ఒంటరి మనిషి ఫొటో పడిందంటే తొంభై పాళ్ళు శ్రద్ధాంజలే. పైగా మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరైనా ఉద్యోగం మానేసి పోతుంటే అందరమూ కలిసి ఫొటో దిగి, పోయే మనిషిని మధ్యలో నిలబెట్టి, అది పేజీలో వేసేవాళ్ళం. ఇప్పుడు అందరమూ ఒకేసారి పోతున్నాం, మధ్యలో బాషాన్న నిలబడితే ఎవరు కాదంటారు?

"నా పేజీ ఆఖరిరోజు మీ ఇంటాయన అందరి మధ్యలో ఉంటాడక్కా. పూచీ నాది" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది.

ఆఖరిరోజు వచ్చింది. చలికాలం. తిరుపతి నుంచి చైతన్య అనే అబ్బాయి కంప్యూటర్లు తీసుకుపోవడానికి కారులో వచ్చాడు. ఇకమీదట మా ఊళ్ళ వార్తలు చూసేది అతనే. మంచి పిల్లవాడు. మంచి పిల్లల్ని పంపడంలోనే ఉంటుంది కంపెనీల తెలివంతా, నోరారా తిట్టుకోవడానికి కూడా వీలుండదు. ఒక్క లాప్‌టాప్ మిగిల్చి తక్కినవన్నీ కార్లో వేసుకున్నాడు. ఆ లాప్‌టాప్‌లో ఆఖరి పేజీ చేసి సాయంత్రం ఆరుగంటల్లోగా పంపాలి.

గంగులప్ప, రెడ్డెప్ప ఇస్త్రీ చొక్కాలేసుకొని, పెళ్ళికి వచ్చినట్టు బస్సు దిగారు. గంగులప్ప పొట్టిగా ఉంటాడు, మేమంతా ఆయన్ను పుంగనూరు ఆవు అని ఏడిపించేవాళ్ళం. రెడ్డెప్ప రామకుప్పం దగ్గర రాగి పండిస్తాడు, వార్తలు రాస్తాడు, రెండూ గిట్టుబాటు కావని రెండింటినీ తిడతాడు. బజ్జీలు తెప్పించాను. కుప్పం బస్సులో కవర్లు మారిపోయి జాతర ఫొటో కింద కరువు వార్త పడిన రోజు తలుచుకొని కళ్ళనీళ్ళొచ్చేటట్టు నవ్వుకున్నాం.

"పొద్దు వాలిపోతాండాది, రాండి. వెలుతురు ఇప్పుడే బాగుంటాది" అని బాషాన్నే అందర్నీ కిందికి తీసుకుపోయాడు.

ఆఫీసు ఎదురుగా టమోటా లారీలు ఆపుకునే ఖాళీ జాగా ఉంది. అక్కడినుంచి ఎండ తిన్నగా మా గోడమీద పడుతోంది. కెమెరా చైతన్య చేతికిచ్చాం. గోడ ముందర గంగులప్ప, నేను, బాషాన్న, రెడ్డెప్ప నిలబడ్డాం. బాషాన్న కెమెరాకు ఇవతలి పక్క నిలబడగా నేను చూడడం అదే మొదలు. పాపం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. జేబుల్లో పెట్టాడు, తీశాడు, కట్టుకున్నాడు, మళ్ళీ విడదీశాడు.

"ఏమన్నా, పెండ్లికొడుకు మాదిరి సిగ్గుపడతాండావే" అన్నాడు రెడ్డెప్ప.

బాషాన్న వినిపించుకోలేదు. ఆయన చూపంతా కెమెరా మీదే ఉంది. "ఆడ గాదప్పా, ఆడ నిలబడితే లారీ నీడ పడతాది. ఈ పక్కకు రా. ఇంకొంచిం. వేలు ఆడ పెట్టొద్దు. అయ్యో, గట్టిగా నొక్కద్దు, కెమెరా అదురుతాది" అని చెప్పీ చెప్పీ ఇక ఉండబట్టలేక వరుసలోంచి బయటికి పోయాడు. "ఇట్లియ్యి, ఒక్కటి తీసి సూపిస్తా. నువ్వు పోయి నా జాగాలో నిలబడు."

చైతన్య వచ్చి నా పక్కన, బాషాన్న జాగాలో నిలబడ్డాడు. అటుపక్క బాషాన్న రెండు మోచేతులూ ఎత్తాడు. అంతవరకూ బిగుసుకుపోయిన మనిషి ఒక్కసారిగా తేలికపడ్డాడు.

"దగ్గరికి రాండప్పా! కత్తెరమ్మ మీ పక్కలోనే ఉండాది, జాగర్త!"

అందరం పగలబడి నవ్వాం. ఆయన నొక్కాడు. సరిగ్గా అప్పుడే రెడ్డెప్ప ఫోన్ మోగింది. వాళ్ళావిడ. వింటూ వింటూనే ఆయన మొహం పాలిపోయింది.

"మా రాగిచేను కాడికి ఏనుగులు వచ్చినాయంట. పొద్దుండంగానే దిగినాయంట" అన్నాడు.

కుప్పం బస్సు అప్పుడే స్టాండులోంచి మలుపు తిరుగుతోంది. గంగులప్ప రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి చేతులూపి దాన్ని ఆపాడు. "పదప్పా, నేనూ పుంగనూరు దాకా వస్తాండా" అంటూ రెడ్డెప్పను ఎక్కించి తానూ ఎక్కాడు. మేమంతా "జాగర్త, జాగర్త, పోతానే ఫోన్ చెయ్యి" అని అరుస్తూ బస్సు వెంట పోయాం. బస్సు కనుమరుగయ్యేదాకా మాకెవరికీ ఫొటో సంగతి గుర్తే లేదు. మా బతుకంతా అంతే, వార్త వచ్చిందంటే తక్కినవన్నీ మర్చిపోతాం.

పైకి వచ్చి లాప్‌టాప్‌లో ఫొటో తెరిచి, అలవాటుగా దాని కింద పేర్ల వరుస టైపు చేయడం మొదలుపెట్టాను. ఎడమ నుంచి కుడికి గంగులప్ప, కృష్ణమ్మ, అని టైపు చేసి మూడో మనిషి మొహం చూసి ఆగిపోయాను. చైతన్య. ఓరి దేవుడా అనుకున్నాను. ఆఖరి పేజీ ఆఖరి ఫొటోలో కూడా బాషాన్న లేడు!

"ఏందన్నా ఇది! ఇంకొకటి తీయించుకోవాలని తెలీదా నీకు?" అని ఆయన మీదే పడ్డాను.

బాషాన్న నా వెనక నిలబడి ఫొటో చూస్తున్నాడు. "మరిసేపోయినా కదమ్మా" అన్నాడు మెల్లగా. "ఫొటో బాగా వచ్చింది, అదే సూస్తాండా."

బస్సు ఈపాటికి ఎంతో దూరం పోయి ఉంటుంది. రెడ్డెప్పను వెనక్కి రమ్మనడానికి ఏ మొహంతో ఫోన్ చేయను, చేన్లో ఏనుగులుంటే? ఆయనా నేనూ ఇద్దరమే దిగితే అందరి మధ్యలో అన్న మాట తప్పినట్టే. ఒక్కణ్ణే వేద్దామంటే అజీజక్క చెవులు మూసుకోవడం కళ్ళముందర కనిపిస్తోంది. అప్పుడు చైతన్య దగ్గరికొచ్చాడు.

"మేడం, బాషా గారిని కింద అదే గోడ దగ్గర నిలబెట్టి ఒకటి తీస్తాను. ఇందులో నన్ను తీసేసి ఆయన్ను పెట్టేస్తాను. రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియదు."

నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచివచ్చింది. "చెయ్యప్పా, బిరీన చెయ్యి" అని నోటిదాకా వచ్చింది.

"వద్దు" అన్నాడు బాషాన్న. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఎవురికీ తెలీకుంటే నాకు తెలీదా? మీటింగుకు రానోళ్ళు వచ్చి, నన్ను గూడా ఉన్నట్టు పెట్టు బాషా, ఏం గావాలో అడుగు అన్నారు. ఆడ ల్యానోణ్ణి నేను ఒక్క దినం ఉన్నట్టు సూపీలేదు. ఇయ్యాల ఆఖరి దినం నన్నే నేను పెట్టుకోవాల్నా? అజీజాకు నేను సెప్పుకుంటాలే."

కెమెరా సంచి భుజానికి తగిలించుకొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పులచప్పుడు కింది మెట్టుదాకా విన్నాను. చెప్పుకుంటాడట! ఆయన చెప్పుకుంటే సరిపోతుందా? పూచీ పడింది నేను కదా. రేపు పొద్దున ఆ అమ్మ పేపర్ తెరిచి ఆయన మొహం కోసం వెతుక్కుంటుంది. ఆయన్నీ, ఏనుగుల్నీ, తిరుపతినీ, హైదరాబాదునూ, అందర్నీ వరుసపెట్టి తిట్టాను. చైతన్య టీ తాగుతూ కూర్చున్నాడు.

తిట్టినంతసేపు తిట్టి, ఏడుపు మింగుకొని, ఫొటోను పేజీలో పెట్టాను. పెట్టగానే నా చెయ్యి తన పని తాను చేసింది. కింది గీతను పట్టుకొని పైకి జరిపింది, ఇన్నేళ్ళ అలవాటు కదా. ఏం కొట్టేశానో అప్పుడు తెలిసింది.

గీతను మళ్ళీ కిందికి లాగాను. మా నలుగురి కాళ్ళ ముందర, ఎర్రమట్టి మీద, బాషాన్న నీడ నిలువునా పడుకొని ఉంది. రెండు మోచేతులూ పైకెత్తి, మొహానికి కెమెరా ఆనించుకొని ఉన్నాడు. తల సరిగ్గా నా చెప్పులకు తగులుతోంది. ఆయన అక్కడే ఉన్నాడు. ఎవరూ తెచ్చి పెట్టలేదు, ఎండ పెట్టింది.

నీడతో కలిపి వేయాలంటే ఫొటోకు చోటు చాలలేదు. దాని కింద కంపెనీవాళ్ళు పంపిన పెద్ద బాక్సు ఒకటుంది. పాఠకులకు మరింత చేరువగా, రేపటి నుంచి సరికొత్త రూపంలో అని ఏదేదో. దాన్ని ఎత్తి అవతల పారేశాను.

"మేడం, ఆ ప్రకటన అన్ని పేజీల్లో తప్పనిసరి" అన్నాడు చైతన్య కంగారుగా లేచి.

"అప్పా, చోటు సాలనప్పుడు ఎవుర్నో ఒకర్ని కొట్టెయ్యాల. ఇన్నేండ్లు నేను సేసింది అదే. రేపట్నించి నన్ను అడిగేటోడు లేడు. నిన్నడిగితే, ఆ ముసిలిది నా మాట ఇనలేదని సెప్పు."

అతను తెర మీదికి వంగి చూశాడు. బాషాన్న జాగాలో తను నిలబడి నవ్వుతున్నాడు, ముందర ఆ నీడ ఉంది. తర్వాత లాప్‌టాప్ తన వైపు తిప్పుకొని, పేజీ పంపే బటన్ తనే నొక్కాడు.

మరుసటి పొద్దున మా ఇంటి గడపలో పేపర్ లేదు. ఉద్యోగం లేనివాళ్ళకు ఊరికే ఎందుకు వేస్తారు? కొనుక్కుందామని బస్టాండు దగ్గర సుబ్బయ్య కొట్టుకు పోయాను.

"మీ పేపర్ అయిపోయిందమ్మా" అన్నాడు.

"ఇంత పొద్దున్నేనా?"

"బాషా ఇంటామె వచ్చి ఉండేటివన్నీ ఎత్తుకోని పోయింది. మా ఇంటాయన మొగం పడింటాది, అక్కాచెల్లెండ్లకు పంపాల అనింది. ఎంత సంతోసమో ఆ తల్లికి, తెరిసి గూడా సూడలేదు."

చెప్పుకుంటానన్న మనిషి చెప్పలేదన్నమాట! మొహం ఉంటుందని నమ్మి కొట్లో ఉన్నవన్నీ కొనుక్కుపోయిన మనిషికి నేనిచ్చింది నీడ. ముందురోజు అంత గొప్పగా తోచిన పని పొద్దున్నే ఎంత వెర్రిగా కనిపించిందో చెప్పలేను. పరుగులాంటి నడకతో ఆ సందులోకి పోయాను.

అజీజక్క చాప మీద కూర్చుని ఉంది. పక్కన పేపర్ల కట్ట, ఒళ్ళో ఒక పేపర్ తెరిచి ఉంది. బాషాన్న తలుపుకు ఆనుకొని నేల చూస్తూ నిలబడ్డాడు, నా వైపు చూడలేదు. ఆమె కళ్ళద్దాలు సర్దుకొని ఫొటో మీద వేలు పెట్టి ఎడమ నుంచి జరుపుతోంది.

"గంగులప్ప... నువ్వు... ఈ పిల్లోడెవురో... రెడ్డెప్ప."

వేలు కుడి కొసకు వచ్చేసింది. అటుపక్క ఇంకెవరూ లేరు. గోడ మాత్రం ఉంది.

"అజీజక్కా, అది ఏమైందంటే..." అన్నాను. ఆమె ఉండమన్నట్టు చెయ్యెత్తింది. వేలు మెల్లగా కిందికి, మా కాళ్ళ దగ్గరికి, ఎర్రమట్టి మీదికి దిగింది. అక్కడ ఆగింది.

"హౌ" అంది, ఔనన్నట్టు తల ఊపుతూ. "ఈడుండాడు."

నేను చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"మోసేతులు సూడు. కెమెరా పడితే ఇట్లే గదా ఎత్తేది. సంకల్లో సినగని సొక్కా ఒక్కటన్నా ఉండాదా ఈయనకు? ఎన్నితూర్లు కుట్టినానో నాకు తెలుసు." ఆమె వేలు ఆ నీడ మోచేతి మీద అటూ ఇటూ తిరిగింది. "మొగందేముండాది, దినమ్మూ సూసేదే. పని సేసేటప్పుడు ఎట్లుంటాడో నేను ఎప్పుడు సూసినా! కింద ఏం రాసినావు, సదువు."

చదివాను. "ఎడమ నుంచి కుడికి గంగులప్ప, కృష్ణమ్మ, చైతన్య, రెడ్డెప్ప. ముందు, నేల మీద, ఈ ఫొటో తీస్తున్న చాంద్ బాషా." ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

బాషాన్న తలుపు వదిలి వచ్చాడు. కట్టలోంచి ఒక పేపర్ తీసుకొని వెలుతురుకు పట్టుకొని చూశాడు.

"నీడ కొట్టేయలేదే, కత్తెరమ్మా" అన్నాడు.

"ఎట్ల కొట్టేసేదన్నా? నీ పెండ్లాం పేపర్ కొంటాది గదా."

ఆయన నవ్వబోయి, నవ్వలేక, పేపర్ మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. అజీజక్క మాత్రం మా ఇద్దర్నీ చూసి, "యాల ఏడుస్తారు, ఇంత బాగా పడింటే" అని కసిరి, పేపర్లను ఒక కవర్లో పెట్టి సూదీదారంతో మూతి కుట్టేసింది. కుప్పం నుంచి రెడ్డెప్ప ఫోన్ వచ్చింది. చేన్లో ఒక పక్కంతా తొక్కేసినాయట, తక్కింది మిగిలిందట. పేజీ చూశాను, అన్నకు చెప్పు అన్నాడు.

కవరు తీసుకొని బాషాన్న బస్టాండుకు బయల్దేరాడు, నేనూ వెంట పోయాను. పుంగనూరు మీదుగా పోయే కుప్పం బస్సు వచ్చి ఆగింది. బాషాన్న డ్రైవర్ పక్క కిటికీ దగ్గరికి పోయి కవరు పైకి అందించి, పుంగనూరులో ఎవరొచ్చి తీసుకుంటారో చెప్పాడు. డ్రైవర్ తల ఊపి, దాన్ని అద్దం ముందర పెట్టుకున్నాడు.